టపా పెద్దమ్మ జవాబులు: మూఢం వదులుతుంది సరే, సుంకం ఎప్పుడు వదులుతుంది?

2025 దీపావళి సంచికకి ఉత్తరాలు దండిగా వచ్చాయి. ఇంటి సంగతులు రాయమంటే సగం మంది అమెరికా, గాజా, ఎర్ర సముద్రం అని రాశారు. నేను పోస్టాఫీసులో చేసి రిటైరై, శ్రీకాకుళంలో నాగావళి గాలి పీల్చుకుంటూ కూర్చున్న మనిషిని. విదేశాంగ మంత్రిని కాదు. అయినా చదువుతూ పోతే ఒక్కరూ ఊసుపోక రాసినట్టు లేదు. ఒకరింట్లోకి చెరువు గట్టు మీదుగా, ఇంకొకరింట్లోకి కొడుకు ఫోనులోంచి, మరొకరింట్లోకి అత్తగారి అన్నం కంచంలోంచి ఆ వార్తలు వచ్చి కూర్చున్నాయి. పేర్లు తీసేసి ఊళ్ళు మాత్రం ఉంచాను.

ప్రశ్న: పెద్దమ్మా, మాకు వనామీ రొయ్యల చెరువులున్నాయి. కొంత సొంతం, కొంత లీజు. ఆగస్టు నుంచి మా ఆయన గట్టు మీదే ఉంటున్నారు. ఇంటికొస్తే టీవీ పెట్టి ట్రంపు ఏమన్నాడో వినడం, మాటా పలుకూ లేకుండా మంచం ఎక్కడం. అమ్మాయికి సంబంధం కుదిరింది. మూఢం వెళ్ళాక ఫాల్గుణంలో చేద్దామనుకున్నాం. ఇప్పుడేమో "అమెరికా వాడు సుంకం తగ్గించేదాకా పెళ్ళి మాట ఎత్తకు" అంటున్నారు. బంగారం చూస్తే ధర కొండెక్కి కూర్చుంది. మగపెళ్ళివారికి ఏమని చెప్పను?
(పూసపాటిరేగ మండలం)

జవాబు: అమ్మా, ముందు మీ ఆయన వైపు నుంచి మాట్లాడనివ్వు. ఆయనది ఉత్త బెంగ కాదు. మన రొయ్యలు అందరికంటే ఎక్కువ కొనేది అమెరికా. 2025 ఆగస్టు 7న మన సరుకు మీద 25 శాతం సుంకం వేశారు. రష్యా నుంచి చమురు కొంటున్నామని ఆగస్టు 27న ఇంకో 25 వేశారు. రొయ్యల మీద పాత సుంకాలు ముందే ఉన్నాయి కదా, అవీ కలిపితే 2025లో 58 దాకా తేలింది. అదే రొయ్యని అమ్మే ఈక్వెడార్ వాడికి అప్పుడు కొత్త సుంకం 15. చమురు కొన్నది ఎవరు, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ధర పడింది ఎవరికి! ఎగుమతిదారు తన జేబులోంచి కడతాడా? గట్టు మీదకొచ్చి కాటా పెట్టేటప్పుడే కిలోకి ఇంతని కోసేస్తాడు. మేత ధర తగ్గదు, కరెంటు బిల్లు తగ్గదు, నీళ్ళకి గాలి ఆడించే ఏరియేటర్ ఆపితే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. మీ ఆయన గట్టు దిగకపోవడం అందుకే.

ఇక నీ వైపు. మూఢం ఎప్పుడు వదులుతుందో పంచాంగంలో ఉంటుంది. సుంకం ఎప్పుడు వదులుతుందో ఏ పంచాంగంలోనూ లేదు. ఏప్రిల్‌లో 26 అన్నారు, ఆపారు, 25 అన్నారు, 50 చేశారు. ఇలా పూటకో మాట మార్చేవాణ్ణి నమ్ముకుని ఆడపిల్ల ముహూర్తం వాయిదా వేస్తారా ఎవరైనా? పెళ్ళి ఫాల్గుణంలోనే పెట్టండి. కానీ చెరువుకి వేసుకున్న లెక్కలు పెళ్ళికి కూడా వేయండి. మగపెళ్ళివారింటికి మధ్యవర్తిని పంపొద్దు, మీరిద్దరే వెళ్ళండి. "ఈ పంట ఇలా అయింది, అనుకున్న బంగారంలో సగం ఇప్పుడు పెడతాం, మిగతాది ఎప్పుడు పెట్టగలిగితే అప్పుడు" అని కూర్చుని చెప్పండి. మీ చుట్టుపక్కల వాళ్ళే అయితే వాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు, రొయ్యల ధర పడిందని టీ కొట్టు దగ్గర ఎప్పుడో విని ఉంటారు. విన్నాక కూడా బంగారం దగ్గర పట్టుబడితే ఆ మాట ఇప్పుడే తెలియడం మంచిది. తాళి కట్టాక తెలిస్తే ఏం చేస్తారు?

లీజు చెరువు గురించి ఒకటి అడుగు. అప్పు తెచ్చి సీడ్ (రొయ్యపిల్లలు) వేస్తున్నారా, చేతిలో డబ్బుతోనా? అప్పుతో అయితే ఈ ఒక్క పంటకి లీజు చెరువు ఎండబెట్టి, సొంత చెరువులో పల్చగా వేసుకోమను. నా మాట కాదని మీ మండలంలో మత్స్యశాఖ వాళ్ళని అడిగినా పరవాలేదు. ఇంకో సలహా నవ్వకుండా విను. పెళ్ళి మర్నాడు మీ ఇళ్ళల్లో నీచు విందు ఉంటుంది కదా. ఆ రోజు కోళ్ళ ఫారం వైపు వెళ్ళకండి. మీ చెరువు రొయ్యలే ఇగురు పెట్టించండి. ఇంత రొయ్య పండించే జిల్లాలో పండగకీ పబ్బానికీ కోడి తప్ప రొయ్య కనిపించకపోవడం నాకెప్పుడూ వింతే.

ప్రశ్న: అప్పా, మా పెద్దోడు ఓడలో డెక్ మీద పని చేస్తున్నాడు. సూయజ్ కాలువ వైపు అంటే నాకు గుండె దడ. ఒక్కోసారి వారం పది రోజులు ఫోను కలవదు. ఆ రోజుల్లోనే టీవీలో ఓడ మునిగిందని చూపిస్తారు. ఇప్పుడు చిన్న గుంటడు కూడా సీమెన్ అవుతానని కూర్చున్నాడు. విశాఖలో ఆఫీసున్న ఏజెంటు మూడున్నర లక్షలు కడితే ఓడ ఎక్కిస్తానంటున్నాడు. సగం ముందు కట్టాలంట. కట్టేయమంటావా?
(సోంపేట మండలం)

జవాబు: చెల్లీ, చిన్నోడి సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే అది ఈ వారమే తేలాలి. కట్టొద్దు. ఓడలో ఉద్యోగం ఇప్పించినందుకు సీమెన్ దగ్గర డబ్బు తీసుకోవడం చట్టప్రకారం తప్పు. మన దేశ నిబంధనా అదే, 2006 నాటి అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒప్పందమూ అదే. ఏజెంటుకి ఇచ్చేది ఓడ యజమాని. శిక్షణకి ఫీజు వేరే, అది కాలేజీకి కట్టి రసీదు తీసుకునేది. ఆ రెండూ కలిపేసి "ప్యాకేజీ" అంటే అక్కడే అనుమానించు. షిప్పింగ్ డైరెక్టరేట్ ముంబయిలో ఉంది, దాని వెబ్‌సైటులో లైసెన్సున్న ఏజెంట్ల జాబితా, అనుమతి ఉన్న శిక్షణ కాలేజీల జాబితా రెండూ ఉంటాయి. లైసెన్సుని ఆర్‌పీఎస్‌ఎల్ అంటారు. ఆ నంబరు అడుగు. నంబరు చెప్పమంటే మొహం మాడ్చేవాడి దగ్గర ఇంకేం మాట్లాడకు, లేచి వచ్చేయ్. ఫలానా దేశం సీడీసీ (ఓడ ఉద్యోగికి ఉండాల్సిన గుర్తింపు పుస్తకం) తొందరగా ఇప్పిస్తామంటే కూడా అంతే. సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు ఇలా పొలం కుదువపెట్టి మోసపోయినవాళ్ళు ఉన్నారని నాకంటే నీకే బాగా తెలుసు.

ఇక పెద్దోడు. సూయజ్‌కి వెళ్ళే దారిలోని ఎర్ర సముద్రంలో గొడవ మొదలైంది 2023 నవంబరులో. గాజా యుద్ధం పేరు చెప్పి యెమెన్‌లోని హూతీ తిరుగుబాటుదారులు గెలాక్సీ లీడర్ అనే ఓడని హెలికాప్టరులో దిగి పట్టుకున్నారు. అప్పటి నుంచి పెద్ద కంపెనీల ఓడలు చాలావరకు సూయజ్ మానేసి ఆఫ్రికా చుట్టూ, గుడ్ హోప్ అగ్రం మీదుగా తిరిగిపోతున్నాయి. దానికి పది రోజులు, రెండు వారాలు ఎక్కువ పడుతుంది. 2025 జులైలో మ్యాజిక్ సీస్, ఎటర్నిటీ సి అనే రెండు ఓడలు ఆ ఎర్ర సముద్రంలోనే దాడుల్లో మునిగాయి. నువ్వు టీవీలో చూసింది అవే అయ్యుంటాయి.

ఇక్కడ ఒకటి గమనించు. చుట్టూ తిరిగే దారి పొడుగు, మధ్యలో రేవులు తక్కువ, నడిసముద్రంలో మన ఫోనుకి సిగ్నలు ఉండదు. ఓడలో శాటిలైట్ నెట్ ఉన్నా ఒక్కొక్కరికి ఇంతే డేటా అని లెక్క. అంటే ఫోను కలవని ఆ పది రోజులూ నీ కొడుకు యుద్ధానికి దూరంగా వెళ్తున్నాడేమో కూడా. ప్రతి మౌనాన్నీ చెడు కబురనుకోకు.

ఈసారి ఫోను చేసినప్పుడు బువ్వ తిన్నావా అని అడిగాక ఇవి రాసుకో: ఓడ పేరు, దాని ఐఎంఓ నంబరు (ఏడు అంకెలుంటాయి, ఓడ పేరు మార్చినా అది మారదు), కంపెనీలో ఇంటివాళ్ళతో మాట్లాడే మనిషి నంబరు. ఆ పేరుతో ఓడ ఎక్కడుందో ఫోనులో మ్యాపు మీద చూపించే యాప్‌లు ఉన్నాయి, చిన్నోడికి చెప్తే నిమిషంలో పెడతాడు. కానీ ప్రమాదం ఉన్నచోట ఓడలు తామెక్కడున్నదీ చెప్పే సిగ్నలు కావాలనే కట్టేస్తాయి. చుక్క మాయమైందని నువ్వు వాకిట్లో కూర్చుని ఏడవకూడదు. ఇంకొకటి, వాడి ఒప్పందం సీమెన్ యూనియన్ల అంతర్జాతీయ ఒప్పందం కింద ఉందా అని అడుగు. ఉంటే, ప్రమాద ప్రాంతమని ప్రకటించిన చోటికి నేను రాను అని చెప్పే హక్కు వాడికి ఉంది, కంపెనీ ఖర్చుతో ఇంటికి పంపాలి. వెళ్తానంటే ఆ రోజులకి జీతం మీద అదనం ఇవ్వాలి. మన కుర్రాళ్ళు ఉద్యోగం పోతుందని ఈ మాట అడగరు. అమ్మ అడగమంటే అడుగుతారు.

నేను ఉద్దానంలో ఒక సబ్ పోస్టాఫీసులో ఉన్నప్పుడు మీలాంటి ఒకావిడ వచ్చేది. కొడుకు కవరు చేతికివ్వగానే చించేది కాదు. "ఏ ఊరు ముద్రమ్మా?" అని అడిగేది. డర్బన్ అనో రోటర్‌డామ్ అనో చదివి చెప్పేదాన్ని. గోడ మీది పటంలో ఆ ఊరు చూపించమనేది, వేలు పెట్టి చూసేది. ఆ పేరు మరిచిపోకుండా నోట్లో అనుకుంటూ మెట్లు దిగేది. ఆ ఉత్తరం వచ్చేసరికి ఓడ ఇంకో రెండు రేవులు దాటి ఉంటుంది. అది ఆవిడకీ తెలుసు. అప్పట్లో పాత కబురుతోనే బతికేవాళ్ళం. ఇప్పుడు కబురు కొడుకు కంటే ముందు టీవీ చెప్తోంది, అదీ ఎవరి కొడుకుదో తెలియని కబురు. ఎర్ర సముద్రం వార్త వచ్చినప్పుడు నువ్వు వినాల్సింది ఒక్కటే, ఓడ పేరు. మీవాడి ఓడ కాకపోతే టీవీ కట్టేయ్.

ప్రశ్న: పెద్దమ్మా, మా అత్తగారికి డెబ్బై దాటాయి. గాజాలో పిల్లలు గిన్నెలు పట్టుకుని నిలబడ్డది టీవీలో చూసి అన్నం కంచం పక్కన పెట్టేస్తోంది. "మనకేటి సంబంధం అత్తా" అంటే నా వైపు కూడా చూడదు. ఊళ్ళోవాళ్ళు "ముసల్దానికి మతి చలించింది" అని నవ్వుతున్నారు. డాక్టరుకి చూపించమంటారా?
(వజ్రపుకొత్తూరు మండలం)

జవాబు: చూపించు, కానీ మతికి కాదు. ఆ వయసులో రాత్రిపూట తినడం మానేస్తే షుగరు, బీపీ మాత్రలు తిరగబడతాయి. పైగా మీది ఉద్దానం, కిడ్నీ జబ్బుల ప్రాంతం. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించి ఎన్నాళ్ళయిందో చూసుకో.

ఏడుపుకి మాత్రం మందు అక్కర్లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మీ మీదే కదా తీరం దాటింది. కొబ్బరి చెట్లు తలలు తెగి పడిపోయాయి, జీడితోటలు వేళ్ళతో లేచిపోయాయి. కరెంటు లేదు, మోటార్లు లేవు, ట్యాంకరు వస్తే ఊరంతా బిందెలతో రోడ్డు మీదే. ఆ వరసలో మీ అత్తగారు నిలబడిందో లేదో నాకు తెలియదు, నువ్వు అడిగి చూడు. నిలబడి ఉంటే టీవీలో గిన్నె పట్టుకున్న పిల్లని చూసినప్పుడు ఆవిడకి గుర్తొచ్చేది పరాయి దేశం కాదు. అప్పుడు మీకు బియ్యం, నీళ్ళు, టార్పాలిన్లు తెచ్చినవాళ్ళలో ఎంతమంది మీ చుట్టాలు? "మనకేటి సంబంధం" అని వాళ్ళూ అనుకుని ఉంటే?

2025 ఆగస్టులో గాజా నగరంలో కరువు ఉందని ఐక్యరాజ్య సమితి మద్దతున్న నిపుణుల సంస్థ అధికారికంగా ప్రకటించింది. అంటే ఆవిడ చూసింది ఉన్నదే, లేనిది ఊహించుకోలేదు. 2025 అక్టోబరు 10న కాల్పుల విరమణ మొదలైంది. ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేం గానీ, లారీల్లో తిండి వెళ్తోందన్న కబురు మాత్రం ఆవిడకి చెప్పు. చెడ్డ వార్త చూపించినంత శ్రద్ధగా టీవీ మంచివార్త చూపించదు, ఆవిడ దాకా వచ్చి ఉండదు.

ఇంట్లో పద్ధతి ఒకటి మార్చు. ముందు భోజనం, తర్వాత వార్తలు. ఆవిడ ఒక్కదానికే పెడితే అలుగుతుంది, ఇంటిల్లిపాదికీ పెట్టు. మీ వీధిలో డయాలసిస్‌కి పలాస వెళ్ళొచ్చే ఇల్లు ఒకటైనా ఉంటుంది, మీ వైపు లేని వీధి ఎక్కడ? ఆ రోజు వాళ్ళు తిరిగొచ్చేసరికి పొద్దుపోతుంది, పిల్లలు ఆకలితో ఉంటారు. ఆ పూట ఆ పిల్లలకి అన్నం పెట్టే పని మీ అత్తగారికి అప్పగించు. పక్కన కూర్చుని తినేవాళ్ళుంటే ఆవిడా నాలుగు ముద్దలు తింటుంది. నవ్వే ఊళ్ళోవాళ్ళ సంగతి వదిలెయ్, వాళ్ళ మీద అంత కాగితం ఖర్చు చేయను.

ప్రశ్న: నమస్తే అమ్మా. బీటెక్ అయింది, అమెరికాలో ఎంఎస్ సీటు వచ్చింది, జనవరిలో చేరాలి. నలభై లక్షల లోను, ఇల్లు తనఖా. లక్ష డాలర్ల కబురు వచ్చాక నాన్న వద్దంటున్నారు. అమ్మ పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం రోజు అరటిపండు విసిరి మొక్కేసుకుంది. నేనేం చేయాలి?
(విజయనగరం, కంటోన్మెంట్)

జవాబు: బాబూ, పైడితల్లమ్మ దయ ఎలాగూ ఉంటుంది, లెక్క మనం చూసుకుందాం. 2025 సెప్టెంబరు 19న ట్రంపు ఇచ్చిన ఉత్తర్వు హెచ్‌1బీకి. అంటే అక్కడ ఉద్యోగం చేసే వీసాకి. అమెరికా బయట ఉన్నవాళ్ళ కోసం కొత్తగా వేసే దరఖాస్తుకి కంపెనీ లక్ష డాలర్లు కట్టాలన్నారు, అప్పటి మన డబ్బులో 88 లక్షల దాకా. చదువు వీసాకి దానితో పని లేదు. నువ్వు చదివేది సైన్సు, ఇంజనీరింగు అయితే చదువయ్యాక ఒక ఏడాది, పొడిగింపుతో ఇంకో రెండేళ్ళు అక్కడ పని చేసుకోవచ్చు. అది ఇప్పటికి ఉంది. కాబట్టి మీ నాన్నతో వాదించేటప్పుడు హెచ్‌1బీ మాట తీసెయ్. ఆ మూడేళ్ళ జీతంతో నలభై లక్షలూ వడ్డీతో తీరుతుందా, కాగితం మీద చూపించు. ఉద్యోగం ఆరు నెలలు ఆలస్యమైతే ఏమవుతుందో కూడా రాయి.

నా అభిప్రాయం అడిగితే, చదువుకి వెళ్ళు. ఇల్లు తనఖా పెట్టి మాత్రం వద్దు. పూచీకత్తు లేకుండా ఎంత వస్తుందో కనుక్కో, చాలకపోతే సీటు వచ్చే సెప్టెంబరుకి మార్చమని యూనివర్సిటీకి రాయి. చాలా చోట్ల మారుస్తారు. మీ నాన్నది పిరికితనం అనుకుంటున్నావేమో, పోయేది ఆయన తలమీది కప్పు, నీది కాదు.

ప్రశ్న: ముక్తినాథ్ యాత్రకి డబ్బు కట్టాం. 2025 సెప్టెంబరులో నేపాల్ గొడవల వల్ల ఆగిపోయింది. ట్రావెల్స్ వాడు డబ్బు ఇవ్వనంటున్నాడు. వచ్చే ఏడాది తీసుకెళ్తానంటున్నాడు. (నెల్లిమర్ల)

జవాబు: యాత్రకే వెళ్ళాలనుంటే ఒప్పుకోండి, కానీ కొత్త తేదీ, పాత ధర కాగితం మీద రాయించుకోండి. అక్కడ ఆ గొడవల తర్వాత సుశీలా కార్కి తాత్కాలిక ప్రభుత్వం వచ్చింది, 2026 మార్చి 5కి ఎన్నికలు ప్రకటించారు. ఆ హడావుడి తగ్గిందో లేదో కనుక్కుని వెళ్ళడం మేలు. డబ్బే కావాలంటే 1915కి ఫోను చేయండి, వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. కాఠ్మండులో ఇరుక్కుని ప్రత్యేక విమానంలో విశాఖలో దిగిన మనవాళ్ళతో పోలిస్తే మీరు సుఖంగా ఇంట్లోనే ఉన్నారు, అదీ గుర్తుంచుకోండి.

ప్రశ్న: పలాస జీడిపప్పు అని గర్వంగా హైదరాబాదులో చుట్టాలకి పట్టుకెళ్తే, "ఇది ఆఫ్రికా పిక్క" అని నవ్వారు. నిజమేనా? (రాజాం)

జవాబు: చాలావరకు నిజమే. మన తోటల్లో పిక్క వచ్చేది వేసవిలో. పలాస-కాశీబుగ్గ ఫ్యాక్టరీలు ఏడాది పొడుగునా ఆడాలి కదా. ఐవరీ కోస్ట్, బెనిన్, టాంజానియాల నుంచి ఓడల్లో పిక్క దిగుతుంది. తిత్లీలో తోటలు పోయాక మన పంట మరీ తగ్గింది. దీనికి రెండో వైపు కూడా ఉంది. బయటి పిక్క దండిగా దిగినప్పుడల్లా మన రైతు 80 కిలోల బస్తాకి అడిగే ధర రాదు. ఆ బాధ మీ హైదరాబాదు చుట్టాలకి తెలియదు, అక్కడ కిలో పప్పు ధర తగ్గింది లేదు.

అయినా అది పలాస పప్పే అంటాను. పిక్క ఎక్కడ కాసినా, ఉడికించి, పెంకు కొట్టి, పొట్టు ఒలిచి, నిండు పప్పు వేరు, బద్ద వేరు, ముక్క వేరు చేసేది పలాస ఆడవాళ్ళ చేతులే. జీడి నూనెకి ఆ వేళ్ళు నల్లబడి పొట్టు లేస్తాయి. ఈసారి నవ్వితే ఆ సంగతి చెప్పండి. మన తోట పిక్కే కావాలంటే మేలో మందస వైపు తెలిసిన రైతు ఇంటికి వెళ్ళి కొనండి.

ప్రశ్న: మా ఆయన పొద్దున్నే పేపరులో అంతర్జాతీయ పేజీ గంటసేపు చదివి నాకు వినిపిస్తారు. కూరగాయలు తెమ్మంటే "లోకం తగలబడుతుంటే వంకాయలేమిటే" అంటారు. (బొబ్బిలి)

జవాబు: సంచిలో పేపరు కూడా పెట్టి రైతుబజారుకి పంపండి. వరసలో నిలబడినంతసేపూ చదువుకోవచ్చు, వినేవాళ్ళూ దొరుకుతారు. లేత వంకాయ ఏరడం రాదనే సాకు చెప్తే నాకు రాయండి, అది వచ్చే సంచికలో వివరంగా చెప్తాను.